వేసవి సెలవులలో ధాన్యకటకమునకు

ఏప్రిల్ చివరి వారములో బడులు మూతపడినది మొదలు జూన్ రెండవ వారములో మరల తెరచువరకు పిల్లలున్న ప్రతి ఇంటిలోను ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: మమ్ములను ఎక్కడికి తీసుకొనిపోతారు? కలిగినవారు ఊటీ, కొడైకెనాలు పేర్లు చెప్పి ప్రశ్నను దాటవేయగలరు. మిరపకాయలు అమ్మిన డబ్బును ఎరువుల అప్పుకు, కౌలుకు చెల్లించి మిగిలినదానితో ఏడాది గడుపవలసిన పలనాటి గృహస్థునకు ఆ సమాధానము లేదు. ఆయనను, ఆయన ఇల్లాలిని, ముఖ్యముగా వారి పిల్లలను దృష్టిలో నుంచుకొని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

క్రోసూరును మధ్య నుంచుకొని మాట్లాడుటకు కారణము మా స్వంతము. అది మా మేనమామగారి ఊరు. మా చిన్ననాటి వేసవులు చాలవరకు అక్కడనే గడచినవి. అయినను సత్తెనపల్లివారికి, అచ్చంపేటవారికి, పెదకూరపాడువారికి కూడ ఈ మాటలు అట్లే వర్తించును. క్రోసూరునకు తూర్పున పాతిక ముప్పది కిలోమీటర్ల దూరములో, కృష్ణ ఒడ్డున అమరావతి ఉన్నది. ఆ పేరు వినగానే 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని కొందరికి తోచవచ్చును. అది ఇంకను తూర్పున, గుంటూరు జిల్లాలో ఉన్నది. మేము చెప్పునది పాత అమరావతి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు క్రోసూరుతోపాటు ఆ జిల్లాలో చేరిన అమరావతి.

ఎండకాలపు సెలవులన్నవే మనకు కొంత కొత్త. వీధిబడి పిల్లవానికి పాడ్యమి, అష్టమి, అమావాస్య, పున్నములు విరామ దినములు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఆనాటి బడులను గురించి వ్రాసిన నివేదికలో, ప్రొద్దున్నే అందరికంటె ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారనియు, రెండవవానికి సున్న చుట్టేవారనియు, మూడవవాని నుండి బెత్తపు దెబ్బలు వరుసగా పెరిగేవనియు ఉన్నది. నెలన్నరపాటు ఒక్కుమ్మడిగా బడి మూయుట ఇంగ్లీషు చదువుల బడులతోను, కచేరీలతోను వచ్చిన అలవాటు. కాని కుటుంబము కుటుంబముగా మూట కట్టుకొని, ఇంటికి తాళము వేసి బయలుదేరుట మనకు కొత్త కాదు. కోటప్పకొండ ప్రభలు శివరాత్రికి, కారెంపూడి వీరుల తిరునాళ్ళు కార్తీకములో, వనభోజనములును ఆ మాసములోనే. పెద్దలు ఏర్పరచిన ఈ పంచాంగములో వైశాఖ జ్యేష్ఠములు దాదాపు ఖాళీ. రెంటచింతల ఎండ ఎట్టిదో ఎరిగినవారెవరును వారిని తప్పుపట్టరు. సెలవులేమో సరిగా ఆ ఖాళీలోనే వచ్చి పడినవి. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఆ చిక్కును మా అమ్మగారి తరమువారు ఒక విధముగా విప్పుకొన్నారు. ఆమె చిన్నతనమున అమరావతికి గూడుబండి కట్టేవారట. రాత్రి భోజనములైన తరువాత బండిలో వరిగడ్డి పరచి, దానిపై బొంత వేసి, పిల్లలను పరుండబెట్టి బయలుదేరుట. తెల్లవారుసరికి కృష్ణ ఒడ్డు చేరుట. పగలంతయు అక్కడ గడిపి, మరల చల్లబడిన తరువాత ఎడ్లను కట్టి ఇల్లు చేరుట. ఒక పగటికి రెండు రాత్రుల ప్రయాణము. మరచెంబుతో నీళ్ళు, కుండతో మజ్జిగ, చింతపండు పులిహోర, ఆవకాయ కలిపిన అన్నపు ముద్దలు, త్రోవలో ఎవరో కొట్టి ఇచ్చిన తాటిముంజలు. ఖర్చు ఏమైనదని అడిగితిమి. "గుడిలో హారతిపళ్ళెములో వేసినదే" అన్నారామె. ఎడ్లు మనవి, గడ్డి మనది, బియ్యము మనవి. పిల్లల జ్ఞాపకములో మిగిలినది మాత్రము గుడియు కాదు, నదియు కాదట. బండి క్రింద వ్రేలాడే లాంతరు నీడ త్రోవ పొడవునా ఊగుచుండుటయట.

ఆమె చూచినది అమరేశ్వరుని గుడి. పంచారామములలో ఒకటియైన ఆ ఆలయములో శివలింగము పదునైదు అడుగుల ఎత్తున ఉండుటచే అర్చకులు పై అంతస్తు నుండి అభిషేకము చేయుదురు. పిల్లలకు ఇంతకంటె ఆశ్చర్యము వేరొకటి అక్కరలేదు. కాని గుడికి కొద్ది దూరములోనే ఉన్న దిబ్బ దగ్గరకు ఆ బండ్లు పోలేదు. "దీపాలదిన్నె" అని పేరు మాత్రము ఆమెకు తెలియును. అక్కడ చూడవలసినదేమున్నదని ఎవరును చెప్పలేదు. మేము కూడ పది పన్నెండేండ్ల వయస్సు వరకు ఆ దిబ్బను మేకలు మేసే చోటుగానే ఎరుగుదుము.

ఆ దిబ్బయే ధాన్యకటకపు మహాచైత్యము. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దములో మొదలై, శాతవాహనుల కాలములో, క్రీస్తు శకము రెండవ శతాబ్దము నాటికి పూర్ణవైభవమునకు వచ్చిన స్తూపము. అండము క్రింది వేదిక అడ్డుకొలత సుమారు 49 మీటర్లు. దాని చుట్టు ప్రదక్షిణ మార్గము. మార్గమునకు వెలుపల నిలువెత్తు రాతికంచె. నాలుగు దిక్కులను ఆయక వేదికలు, ఒక్కొక్కదానిపై అయిదేసి స్తంభములు. ఈ రాయి ఎక్కడిదో పలనాటి పిల్లలకు తప్పక చెప్పవలెను. లేత ఆకుపచ్చ జాడగల ఆ తెల్లని సున్నపురాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే "పలనాటి పాలరాయి". లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఈ శిలలను చూచువారందరును, తెలిసియో తెలియకయో, మన నేలను చూచుచున్నారన్నమాట.

ఇంత పనికి డబ్బెవరిచ్చినారు? పాఠ్యపుస్తకము చదివిన పిల్లవాడు "రాజు" అని వెంటనే చెప్పును. రాజుల పేర్లు లేకపోలేదు. వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనము అక్కడ దొరికినది. కాని రాళ్ళపై చెక్కిన బ్రాహ్మీలిపి శాసనములలో చాల భాగము సామాన్య గృహస్థులవి, వర్తకులవి, గంధపు వ్యాపారులవి, భిక్షువులవి, భిక్షుణులవి. ఒకడు కంచె మీది అడ్డురాయి, ఇంకొకడు స్తంభము, వేరొకామె ఒక పలక. తమ పేరు చెప్పి ఊరకుండరు. ప్రాకృతములో వరుసగా బంధువర్గమును ఏకరువు పెట్టుదురు: భార్యతో కూడ, కొడుకులతో కూడ, కూతుండ్రతో కూడ, తోబుట్టువులతో కూడ, ఇంటి కోడండ్రతో కూడ, మనుమలతో కూడ. ప్రతి సంబంధమునకు ముందు "స" అను అక్షరము, అనగా "కూడ" అని. ఎవరిని మరచినను ఇంటికి వెళ్ళిన తరువాత మాట పడవలసి వచ్చునని భయపడినవారివలె వ్రాయించినారు.

వీరిలో మాకు మిక్కిలి ఇష్టుడు విధికుడు. నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. వృత్తిచేత చర్మకారుడు, అనగా తోలుపని చేయువాడు. నిండి పొంగుచున్న కలశమును చెక్కించిన పలకను మహాచైత్యమునకు ఇచ్చినాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడను కుమారునితో, కుమార్తెలతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కూడి ఇచ్చుచున్నానని చెక్కించినాడు. కొడుకునకు తాతగారి పేరు పెట్టుకొన్నాడని కూడ ఆ రాతివల్లనే తెలియుచున్నది. మనమును ఈనాటికి అదే పని చేయుచున్నాము. తోలుపని చేయువాని తండ్రిని ఉపాధ్యాయుడని గౌరవముగా రాతిపై వ్రాసిన ఊరిది. తరువాతి కాలములో ఆ వృత్తివారికి ఇదే సీమలో గుడి వాకిలి మూతపడినది. దానిని తెరచుటకు 1947లో మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము చేయవలసివచ్చినది. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన చెప్పిన యెడల పదేండ్ల పిల్లవాడు అడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుట కష్టమే. అయినను చెప్పవలెను.

స్తూపమునకు దెబ్బ ఒక్కనాడు తగిలినది కాదు. చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఏడవ శతాబ్దములో ఈ ప్రాంతమునకు వచ్చెను. 1182లో కోట కేతరాజు వేయించిన శాసనము అమరేశ్వరాలయములోని స్తంభముపై ఉన్నది. అందులో ఆయన బుద్ధదేవునకు గ్రామములను, అఖండ దీపములను సమర్పించిన సంగతి చెప్పబడినది. శివుని గుడి స్తంభముపై బుద్ధుని దీపముల లెక్క! ఆ దీపములే దీపాలదిన్నె అను పేరుగా మిగిలినవేమోనని మాకు తోచును; ఇది మా ఊహ మాత్రమే. 1344 నాటి సింహళ శాసనమొకటి కూడ ధాన్యకటకములో జరిగిన మరమ్మతును పేర్కొన్నది. ఆ తరువాత నాలుగైదు శతాబ్దములపాటు మన్ను కప్పినది.

పద్దెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగా కట్టించుకొన్నప్పుడు ఇటుకలకు, రాళ్ళకు ఆ దిబ్బను త్రవ్వించినారు. చెక్కడపు పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లలోనికి, కొన్ని గోడలలోనికి పోయినవి. 1797లో కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూచి, 1816లో చిత్రకారులతో మరల వచ్చునప్పటికి ఎంతో భాగము కనబడలేదు. మిగిలినదానిని ఆయన బొమ్మలుగా వ్రాయించినారు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వి తీసిన శిలలు మద్రాసు చేరి, అక్కడ ఏండ్ల తరబడి ఎండకు వానకు పడియుండి, 1859లో ఓడనెక్కినవి. లండనులో బండ్లుంచే కొట్టములో పడియున్న వానిని 1867లో జేమ్స్ ఫెర్గుసన్ గుర్తించు వరకు పట్టించుకొన్నవారు లేరు. తెల్లవారు కొల్లగొట్టినారని కోపగించుట తేలిక. చెక్కడపు బొమ్మను తల్లక్రిందులుగా పెట్టి మెట్టు కట్టినది మాత్రము మనవారే. జమీందారును ఒక్కనినే నిందించుటయు న్యాయము కాదు. ఆ బొమ్మలు ఎవరివో చెప్పగలవారు అప్పటికి ఊరిలో ఒక్కరును మిగులలేదు.

కనుక ఇప్పుడు అక్కడ ఏమున్నదని అడుగువారికి ఉన్నమాట చెప్పవలెను. నాళగిరి అను మదపుటేనుగు వీధిలో మనుష్యులను త్రొక్కుచుండగా ఆడువారు మేడలపై నుండి తొంగిచూచు ఆ ప్రసిద్ధమైన పలక చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. దిబ్బయొద్ద మిగిలినవి గుండ్రని వేదిక, ప్రదక్షిణ మార్గము, నిలబెట్టిన కొన్ని రాళ్ళు. ప్రక్కనే పురావస్తుశాఖవారి మ్యూజియములో తరువాతి త్రవ్వకములలో దొరికిన శిల్పములు, స్తూపపు నమూనా ఉన్నవి. మొదట నమూనాను చూపి, తరువాత దిబ్బ చుట్టు నడిపించిన యెడల పిల్లల కన్నులకు లేని భాగము కూడ కనబడును. ముందు దిబ్బకు పోతిమా, "ఇంతేనా?" అందురు. మేము రెండు విధములను చేసి చూచినవారమే.

పెద్ద పిల్లలకు ఇంకొక మాట. అమరావతి శాసనములోని "నాగబు" అను పదమును మనకు దొరికిన తొలి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించినారు. పండితులలో దీనిపై భేదాభిప్రాయములున్నవి. కాని తెలుగు వాచకము చూచి ఆవులించు పిల్లవానికి, మన భాష తొలి అడుగు తన ఊరికి పాతిక కిలోమీటర్ల దూరములో వెదకుచున్నారని చెప్పి చూడుడు.

ఖర్చు సంగతి. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు, ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు; గుర్తింపు కార్డు ఉండిన చాలును. కావున మగవారి ఛార్జీలు మాత్రమే మిగులును. మ్యూజియములో పెద్దలకు అయిదు రూపాయలు, పదునైదేండ్ల లోపు పిల్లలకు ఉచితము. శుక్రవారము దానికి సెలవు. ఈ సంగతి తెలియక ఒకసారి మేము ఎనిమిదిమందిని వెంటబెట్టుకొని శుక్రవారమే పోయి, మూసిన తలుపుల ముందు నిలువబడితిమి. ఇంటిలో ఇప్పటికి ఆ మాట ఎత్తుచుందురు. భోజనము ఇంటినుండియే. పులిహోర ఎండకు నిలుచును. పెరుగన్నములో కొంచెము పాలు ఎక్కువ పోసి కలుపుకొన్నచో మధ్యాహ్నమునకు పులియదు. పుచ్చకాయ అక్కడ కొనుక్కొనవచ్చును. నీళ్ళు మాత్రము ఎన్ని తీసుకొనిపోయినను చాలవు.

వేళ ముఖ్యము. తొలి బస్సునకు బయలుదేరవలెను. ఎండ ముదురకముందే నది, గుడి, దిబ్బ ముగియవలెను. పదిగంటల తరువాత మ్యూజియము నీడకు చేరవలెను. ఆ పిదప చెట్టుక్రింద భోజనము, ఒక కునుకు. ప్రొద్దు వాలిన తరువాత తిరుగు ప్రయాణము. అమ్మగారి కాలపు గూడుబండ్లవారు ఎండను తప్పించుకొనుటకు రాత్రిని వాడుకొన్నారు. మనము వేకువను వాడుకొనవలెను.

నదిని గురించి చెప్పునప్పుడు మా గొంతు కొంచెము మారును. మాకు తొమ్మిదవ ఏట మా పెద్దమ్మగారి అబ్బాయి మా ప్రక్కనే మోకాటిలోతు నీటిలో నిలిచియుండి, ఒక్క అడుగు వేసి, కనబడకుండ పోయినాడు. కేక కూడ లేదు. ఒడ్డున వల విదిలించుచున్న పడవవాడు దూకి జుట్టు పట్టి పైకి లాగినాడు. వాడు బ్రతికినాడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. వారినెన్నడును నీటిలో దింపనీయడు. ఇసుక త్రవ్విన గుంతలు పైనుండి కనబడవు, నీరు నిలుకడగానే ఉండును, ప్రతి వేసవిలోను ఏదో ఒక ఊరి పిల్లల పేర్లు పత్రికలలో చదువుచునే ఉన్నాము. మెట్లు కట్టిన రేవులో, పెద్దవారు చేయి పట్టుకొని, చెంబుతో పోసుకొనుట చాలును. ఈత నేర్పుటకు మరియొక చోటు వెదకుకొనవలెను.

క్రోసూరునకు పడమట బెల్లంకొండ దుర్గము ఇంకను దగ్గర కదా అని కొందరనవచ్చును. 1515లో కొండవీటి దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకొన్న కోటలలో అది ఒకటి. కాని ఎండలో కాగిన రాతిగుట్ట మేలో పిల్లలకు తగదు; దానిని మార్గశిరమునకు ఉంచుకొనుట మంచిది. ఆ రాయలే కొండవీడు పట్టుబడిన తరువాత చిన్నాదేవి, తిరుమలదేవులను వెంటబెట్టుకొని అమరేశ్వరుని సన్నిధికి వచ్చి తులాపురుషదానము చేసినాడు. కొండవీడు పట్టుబడినది ఆషాఢములో. తొలకరి పడిన తరువాత వచ్చినాడన్నమాట, బుద్ధిమంతుడు.

కడపటిసారి మేము పోయినప్పుడు వెంట వచ్చినవారిలో మా మేనమామగారి మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, ఒకతె ఉన్నది. మ్యూజియములో విధికుని కథ చెప్పినప్పుడు వినుచున్నట్లు కనబడలేదు. సాయంకాలము రేవు ప్రక్కన తడి ఇసుకలో కూర్చుండి వ్రేలితో ఏదో వ్రాయుచుండినది. పోయి చూచితిమి. తన పేరు వ్రాసి, దాని క్రింద అమ్మతో కూడ, నాన్నతో కూడ, నాయనమ్మతో కూడ, ఎఱ్ఱావుతో కూడ, అని వరుసగా వ్రాసినది. తమ్ముని పేరు లేదు. పుచ్చకాయ ముక్క దగ్గర మధ్యాహ్నము ఇద్దరికిని తగవు వచ్చినది. బస్సునకు వేళ అయినదని పిలిచితిమి. రెండడుగులు వేసి, వెనుకకు పోయి, వాని పేరు కూడ ఆవు క్రింద చేర్చి, పరుగెత్తుకొని వచ్చినది.